రేషన్ కార్డు తీసేస్తే పిల్లలు బడికి వస్తారా?

“పుస్తకాలు, భోజనం, చివరికి డబ్బు కూడా ప్రభుత్వమే ఇస్తోంది. అయినా పిల్లలు బడి మానేస్తే తప్పంతా తల్లిదండ్రులదే, అలాంటివారి రేషన్ కార్డులు తీసేయాలి” అనే సందేశం కర్నూలు జిల్లాలో చేతులు మారుతోంది. ఇందులోని ఒక్కో మాటనూ పరిశీలించవలసి ఉంది.

తప్పంతా తల్లిదండ్రులదేనా? 2009 నాటి విద్యాహక్కు చట్టం 10వ సెక్షన్ వారికి అప్పగించింది బిడ్డను బడిలో చేర్పించే బాధ్యతను. చేరిన బిడ్డ రోజూ వచ్చేలా, ఎనిమిదో తరగతి వరకు చదువు పూర్తి చేసేలా చూసే బాధ్యతను 8, 9 సెక్షన్లు ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టాయి. వలస కుటుంబాల పిల్లల ప్రవేశాన్ని 9వ సెక్షన్ ప్రత్యేకంగా పేర్కొంది. పిల్లలను పంపని తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్ష ఏదీ లేదు.

డబ్బు ఇస్తున్నమాట నిజమే. తల్లికి వందనం కింద 2025లో ఒక్కో బిడ్డకు 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడ్డాయి. అయితే ఆ పథకానికి 75 శాతం హాజరు షరతు ఉంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు పల్లెల నుంచి పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు ప్రాంతానికి పోయే కుటుంబాలు నెలల తరబడి ఊరికి రావు కనుక, ఎవరికి ఆ సొమ్ము ఎక్కువ అవసరమో వారికే అది ఆగిపోయే ప్రమాదం ఉంది.

బాధ్యత లేక పిల్లలను వెంట తీసుకుపోతున్నారన్నది మరో ఆరోపణ. ఇంట్లో అవ్వో తాతో ఉంటే సరే, లేకపోతే తాళం వేసిన ఇంటి ముందు పదేళ్ల పిల్లను ఎవరికి అప్పగించి పోవాలి? తూకానికి కూలి కట్టే మిరప చేలో ఆ పిల్ల కోసిన కాయలు తల్లి బస్తాలోనే పడతాయి, కూలి లెక్కలో పిల్ల పేరు ఉండదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ నిషేధించింది. సొంత కుటుంబపు పనికి, అదీ బడి వేళల తర్వాత, ఇచ్చిన మినహాయింపు పరాయి చేనుకు చెల్లదు. అయినా అడ్వాన్సు ఇచ్చి కుటుంబాన్ని లారీ ఎక్కించే మేస్త్రీ గానీ, చేను గల ఆసామి గానీ ఈ సందేశంలో ఎక్కడా కనిపించరు. విచిత్రమేమిటంటే, వలస పిల్లల కోసమే, తల్లిదండ్రులు పనికి పోయిన నెలల్లో వారు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు ఉద్దేశించిన సీజనల్ హాస్టళ్ల ప్రస్తావన కూడా లేదు. కుటుంబాలు బయలుదేరక ముందే వాటిని తెరవకపోతే పిల్లలు అప్పటికే లారీలో ఉంటారు.

ఇక రేషన్ కార్డు. కార్డు పోతే బడికి పోతున్న తమ్ముడి బియ్యం కూడా పోతుంది, ఆ లోటు పూడ్చుకోవడానికి ఆ ఇల్లు మరింత ముందుగా వలస పోతుంది.