తోట అమ్మాలా, ఉంచాలా?

రొమేనియాకీ ఉక్రెయిన్‌కీ మధ్య ఉన్న చిన్న దేశం మోల్డోవా. రాజధాని కిషినావ్‌కు దక్షిణాన ఒక ద్రాక్షతోట. అన్న అక్కడే వైన్ చేసి అమ్ముతాడు. కోతల సెలవుకు ఇటలీ నుంచి వచ్చిన తమ్ముడు అమ్మేద్దామంటున్నాడు.

తమ్ముడు: ఈసారి కోతకు ఎంతమంది వచ్చారన్నా?

అన్న: తొమ్మిదిమంది.

తమ్ముడు: యాభై దాటనివాళ్లు?

అన్న: ఒక్కడు. అది నువ్వే.

తమ్ముడు: మనుషుల్లేని ఊళ్లో వ్యాపారమేంటి? 2014లో మూడు బ్యాంకుల నుంచి వంద కోట్ల డాలర్లు మాయమయ్యాయి, దేశం ఏడాది సంపాదనలో ఎనిమిదో వంతు. తిన్నది వాళ్లు, పన్నుల రూపంలో తీర్చేది నువ్వు.

అన్న: అది నిజమే, కాదనను. కానీ మనల్ని అంతకుముందే ముంచింది ఒకే బేరగాణ్ణి నమ్ముకోవడం. నాన్న కాలంలో సరుకు ఎక్కువగా రష్యాకే పోయేది. 2006లో మాస్కో మన వైన్ వద్దంది. 2013లో మళ్లీ అదే. గోదాంలో పెట్టెలు పేరుకుపోయి నాన్న రాత్రంతా వాకిట్లో తిరిగేవాడు, గుర్తులేదా? పోనీ ఇక్కడే అమ్ముదామంటే ఉన్నదే పాతిక లక్షల జనం. పల్లెల్లో ఇంటింటికీ నేలమాళిగలో సొంత పీపా ఉంటుంది, నా సీసా ఎవరు కొంటారు? బయట అమ్మాల్సిందే. 2014 నుంచి యూరోపియన్ యూనియన్ మన వైన్ మీద సుంకం ఎత్తేసింది. అయినా టెన్షన్ తక్కువేం కాదు. ఇదిగో, ఈ సీసా వెనక క్యూఆర్ కోడ్ చూడు. ఏం కలిపామో, ఎన్ని కేలరీలో కొనేవాళ్లకు చెప్పాలని 2023 డిసెంబర్‌లో రూలొచ్చింది. పెద్ద కంపెనీలో దానికో గుమాస్తా ఉంటాడు. ఇక్కడ నేనూ మీ వదినా వంటింటి బల్ల దగ్గర అర్ధరాత్రి దాకా కూర్చున్నాం. ఈ ఏడు పోలాండ్‌లో ఒకరు, రొమేనియాలో ఇద్దరు కొన్నారు. ఒకరు మానేసినా తోట మునగదు.

తమ్ముడు: 2022లో ధరలు ముప్పై శాతం దాటి పెరిగితే ఆ స్టీలు ట్యాంకు ఎవరి డబ్బుతో కొన్నావు?

అన్న: నీ డబ్బుతోనే. డబ్బొచ్చింది, అమ్మ ఆస్పత్రిలో ఉంటే నువ్వు రాలేదు.

తమ్ముడు: అప్పుడు నా దగ్గర కాగితాల్లేవు! ఇటలీ దాటితే మళ్లీ రానివ్వరు. నీకు తెలుసు.

అన్న: తెలుసు. అమ్మకూ తెలుసు.

తమ్ముడు: …పోలాండ్ అతను సీసాకి ఎంతిస్తున్నాడు?

అన్న: నీకు జీతమిచ్చేంత కాదు. ఇంకా కాదు.