ముందు షుగర్ చూపించుకున్నారా అని అడగండి

పోయిన సంక్రాంతికి తిరుపతి వెళ్ళినప్పుడు మా పిన్ని కొడుకు నన్ను మేడ మీదికి పిలుచుకుపోయి తలుపు దగ్గరగా వేశాడు. కింద అమ్మావాళ్ళు అరిసెలు వత్తుతున్నారు. వాడు నీళ్ళ ట్యాంకు కేసి చూస్తూ చాలాసేపు నిలబడి, "ఎనిమిది నెలల్నించి ఇద్దరం కౌన్సెలింగ్‌కి పోతున్నామక్కా. ఏమీ మార్లేదు" అన్నాడు.

పెళ్ళయి మూడేళ్ళు. మొదట్లో బాగానే ఉన్నారు. ఏడాదిగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు. టెన్షన్ తగ్గించుకోమన్నారట, ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకోమన్నారట. షుగర్ చూపించుకున్నావా అని మాత్రం ఎవరూ అడగలేదు. మర్నాడు పరగడుపున రక్తం ఇచ్చి వచ్చాడు. షుగర్ 240. వాడు సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

నేనూ కౌన్సెలర్‌నే. అందుకే ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. అంగానికి రక్తం తీసుకెళ్ళే నాళాలు గుండె నాళాల కన్నా సన్నవి. షుగర్ లాంటి వాటివల్ల నాళాల్లో పూడిక మొదలైతే చాలామందిలో ముందు అక్కడే తెలుస్తుంది, గుండెనొప్పి తర్వాత వస్తుంది. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రల వల్ల కోరిక తగ్గుతుంది. అప్పుడు మాత్రలు ఇచ్చిన సైకియాట్రిస్టుతో మాట్లాడించాలి, సొంతంగా మానేయమనకూడదు. కలయికలో నొప్పితో ఏడ్చే అమ్మాయికి మనవాళ్ళు చెప్పేది ఒకటే, సర్దుకుపో అని. ఆమె వెళ్ళాల్సింది గైనకాలజిస్టు దగ్గరికి. యోని కండరాలు వాటంతటవే బిగుసుకుపోయే సమస్యకు ఫిజియోథెరపీతో నయమయ్యే దారి ఉంది.

అలాగని నోరు విప్పిన ప్రతివాళ్ళనీ డాక్టరు దగ్గరికి తోసేయమనను. 1976లో జాక్ ఆనన్ అనే అమెరికన్ సైకాలజిస్టు నాలుగు మెట్ల పద్ధతి చెప్పాడు. భయం లేకుండా మాట్లాడనివ్వడం, అవసరమైనంత సమాచారం ఇవ్వడం, ఆ మనిషికి సరిపడే సలహా చెప్పడం, ఆఖరున స్పెషలిస్టు చికిత్స. ధాతువు పోతోందని హడలిపోయే కుర్రాడికి చాలాసార్లు రెండో మెట్టే చాలు. కానీ నొప్పి, ఉన్నట్టుండి వచ్చిన మార్పు, కొత్తగా మొదలుపెట్టిన మందు, షుగర్, బీపీ, వీటిలో ఏది కనిపించినా మొదటి వారమే పంపాలి.

పంపే తీరు కూడా ముఖ్యం. "అది మా పని కాదు" అంటే ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోతాడు, బయటికొచ్చి గోడ మీద గుప్తరోగాల పోస్టరు చూసి ఆ నంబరుకే ఫోన్ చేస్తాడు. ఇలాంటి ప్రకటనలు 1954 నాటి మందుల ప్రకటనల చట్టం ప్రకారమే నేరం, అయినా గోడలు ఖాళీగా ఉండవు. ఏ విభాగానికి వెళ్ళాలో చెప్పి, ఒక చీటీ రాసివ్వాలి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో యూరాలజీ (మూత్ర, జననాంగాల సమస్యలకు), ఎండోక్రైనాలజీ (షుగర్, హార్మోన్ల సమస్యలకు) ఉన్నాయి. రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఉంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు సీఎంసీ దగ్గరే. చీటీ ఇచ్చాక, వచ్చేవారం మళ్ళీ రమ్మని కూడా చెప్పాలి.

ఊళ్ళో తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ కౌన్సెలర్ల నంబర్లు వాట్సాప్‌లో పంపేది మనమే. పంపేముందు ఆ కౌన్సెలర్‌కి ఫోన్ చేసి, ఇలాంటి సమస్య వస్తే మీరు ఎవరి దగ్గరికి పంపుతారు అని అడగండి. జవాబు తడబడితే ఇంకొకరిని వెతకండి.

మొన్న మా మరదలు ఫోన్ చేసింది. "నామీద ఇష్టం పోయిందనుకున్నా వదినా, ఏడాదంతా ఏడ్చినా" అంది. వాడి షుగర్ ఇప్పుడు అదుపులోకి వస్తోంది. ఆ ఏడాది ఏడుపుకి మాత్రం మాత్రలు లేవు. ఇద్దరూ మళ్ళీ కౌన్సెలింగ్‌కి వెళ్తున్నారు.