వీపుకో దీపం

డబ్బు పెట్టి కొనుక్కుని, వాడుతున్నంతసేపూ మనిషి ఒక్కసారి కూడా చూసుకోలేని వస్తువు ఈ లోకంలో ఒకటుంది. అది సైకిలు వెనక దీపం. కొనేది మనం, బిగించేది మనం, రాత్రి పడుకోబోయే ముందు గుర్తు పెట్టుకుని ఛార్జింగ్ పెట్టేదీ మనమే. చూసేది మాత్రం వెనకాల వచ్చే పరాయివాడు. వాడెవడో మనకు తెలియదు. దీపం సరిగ్గా పనిచేస్తే ఎప్పటికీ తెలియదు, పని చెయ్యకపోతే మాత్రం వెంటనే పరిచయమవుతాడు. అందుకే ఈ ఖర్చును ఇంటి పద్దులో బండ్ల కింద కాకుండా దానధర్మాల కింద రాయాలని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. గుప్తదానాల్లో ఇంతకు మించినది లేదు. ఇందులో దాతకు కూడా దానం కనపడదు.

ఇంత పరోపకారమైన వస్తువును మనం ఎంచుకునే పద్ధతి చూడండి. పెట్టె విప్పుతాం. దీపాన్ని చేత్తో పట్టుకుని, ముక్కుకు మూరెడు దూరంలో పెట్టి, బటన్ నొక్కి, తిన్నగా దాని కళ్ళలోకి చూస్తాం. ఒక్క క్షణం లోకమంతా ఎర్రబడి, ఆ తరవాత కాసేపు గోడల మీద ఆకుపచ్చ మచ్చలు తిరుగుతాయి. "అబ్బ, భలే ఉంది!" అంటాం. పరీక్ష పూర్తయింది. రాత్రిపూట, వంద మీటర్ల వెనక, మురికి పట్టిన అద్దంలోంచి, సగం నిద్రలో చూడబోయేవాడి తరఫున మనం పట్టపగలు మూరెడు దూరం నుంచి తీర్పు చెప్పేశాం.

పెట్టె మీద ఒక అంకె ఉంటుంది. దాని పక్కన ల్యూమెన్లు అని రాసి ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే కొన్నవాడి ఛాతీ అంత పొంగుతుంది. ల్యూమెన్ అంటే దీపం అన్ని వైపులకూ కలిపి చిమ్మే మొత్తం వెలుగు. ఒక దిక్కుగా ఎంత గట్టిగా పోతోందో చెప్పే కొలత వేరే ఉంది, దాని పేరు క్యాండెలా. ఊరంతా కలిపి ఎంత వాన కురిసిందన్నది ల్యూమెన్, మీ నెత్తిన ఎంత పడిందన్నది క్యాండెలా. వెనక డ్రైవరుకు కావలసింది రెండోది. పెట్టె మీద ఉండేది మొదటిది. ఇందులో తయారీదారుల తప్పేం లేదు. పెట్టెను చదివేది డ్రైవరు కాదు కదా.

ఇక దీపం వెలగాల్సిన తీరు గురించి. ఇక్కడ లోకం రెండు సంప్రదాయాలుగా చీలిపోయింది. జర్మనీలో చట్టం నిలకడ పక్షం: సైకిలు వెనక దీపం మిణుకుమనడానికి వీల్లేదు, వెలిగితే నిండుగా వెలగాలి. బ్రిటన్ కూడా ఒకప్పుడు అదే పట్టుమీద ఉండి, 2005లో మనసు మార్చుకుంది. నిమిషానికి 60 నుంచి 240 సార్లు మిణుకుమనవచ్చు, కనీసం నాలుగు క్యాండెలాలు ఉండాలి అంది. నిలకడగా వెలిగేది అద్వైతం: ఉన్నది ఒక్కటే, అది ఎప్పుడూ ఉంది. మిణుకుమనేది ద్వైతం: ఉంది, లేదు, ఉంది, లేదు. మిణుకుకు ఒక గుణం ఉంది, చూపును చటుక్కున లాగుతుంది. ఒక దోషమూ ఉంది. ఆరిన ప్రతిసారీ చూసేవాడి కన్ను జాడ పోగొట్టుకుంటుంది, అది ఎంత దూరంలో ఉందో, దగ్గరవుతోందో లేదో లెక్క అందదు. వీధి దీపాలు లేని రోడ్డు మీద గాలిలో ఒక ఎర్ర చుక్క ఒక్కటే ఆరి వెలుగుతుంటే అది సైకిలని ఎవరికి తోస్తుంది? పాతకాలం వాళ్ళయితే కొరివిదయ్యం అని దండం పెట్టి వెనక్కి తిరిగిపోయేవాళ్ళు. నిజానికి మనకు కావలసిందీ అదే. కానీ ఈ తరం డ్రైవర్లకు దయ్యాలంటే భయం లేదు.

నేను విశిష్టాద్వైతిని. రెండు దీపాలు పెట్టుకుంటాను. ఒకటి నిలకడగా, ఇంకొకటి మెల్లగా మిణుకుతూ. ఇందులో వేదాంతం కంటే పిరికితనమే ఎక్కువని ఒప్పుకుంటాను: ఒకటి చచ్చిపోతే ఇంకొకటి ఉంటుంది. చీకట్లో కెమెరా ఫ్లాష్‌లా టపటపా కొట్టే ఆ మూడో రకం ఒకటుంది, దాన్ని మాత్రం ఏ మతమూ ఒప్పుకోదు. వెనకాల సైకిలు మీద వచ్చే స్నేహితుడి కళ్ళు పోగొట్టడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు నా సొంత పరువు తీసుకునే ఘట్టానికి వస్తున్నాను. మంచి దీపం కొన్నాను. సీటు కింద గొట్టానికి నా చేత్తోనే బిగించాను. మూడు నెలలు రాత్రిళ్ళు తిరిగాను. నా వెనక ఎర్రటి కాంతి వలయమొకటి రాజుగారి పల్లకీ వెంట దివిటీలా వస్తోందని మనసులో ఊహించుకుంటూ దర్జాగా తొక్కాను. ఒక రాత్రి మా బావమరిది తన స్కూటరు మీద నా వెనకాలే కొంతదూరం వచ్చాడు. ఇంటి దగ్గర బండి ఆపి అన్నాడు: "బావా, నీ దీపం పైనున్న దేవుడికి బాగా కనిపిస్తోంది. నాకే కనపడలేదు."

దిగి చూశాను. నేను బిగించిన తీరుకు దీపం మొహం పైకెత్తి నక్షత్రాల వైపు చూస్తోంది. ఆ చూపు కూడా నేరుగా ఆకాశానికి పోవడం లేదు. నేను వేసుకున్న పొడుగు కోటు అంచు మీద పడి అక్కడే ఆగిపోతోంది. మూడు నెలలు నేను వెలిగించింది నా కోటు లోపలి గుడ్డని. ఎవరి వీపు వారికి కనపడదని పెద్దలు ఊరికే అనలేదు, వాళ్ళ కాలంలో సైకిళ్ళు లేకపోయినా.

ఈ తప్పు తెలుసుకోవడానికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు. సంచీ, కోటు, మనిషి అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా సీటు మీద వేరేవాళ్ళని కూర్చోబెట్టి ముప్ఫై అడుగులు వెనక్కి నడిచి, కారు డ్రైవరు కళ్ళంత ఎత్తుకు వంగి చూస్తే చాలు. దీపం వెలుగు రోడ్డుకు సమాంతరంగా, తిన్నగా వెనక్కి పోవాలి. రెండు మూడు డిగ్రీలు పక్కకి వాలితే ఏమవుతుందిలే అనుకోకండి. గట్టి వెలుగంతా నడిమధ్య సన్నటి పాయలోనే ఉంటుంది, పక్కకు పోయేకొద్దీ మన మంచి దీపం గుడ్డిదీపమవుతుంది. ఇంత చిన్న పనిని నేను మూడు నెలలు ఎందుకు చెయ్యలేదంటే, పెట్టె మీద అంకె పెద్దది కదా అని.

వెనక దీపం మరణం కూడా దాని జీవితం లాగే నిరాడంబరంగా ఉంటుంది. ముందు దీపం ఆరిపోతే రోడ్డు ఆరిపోతుంది, మనకు తెలుస్తుంది. వెనకది ఆరిపోతే కబురు చెప్పేవాడుండడు. పెట్టె మీద రాసిన గంటల లెక్క సాధారణంగా అన్నిటికంటే నీరసమైన మిణుకు మీద వేసింది. మనం వాడేది అన్నిటికంటే గట్టిదాని మీద. తొక్కుతూ ఉండగా అప్పుడప్పుడూ ఒక చెయ్యి సీటు వెనక్కి పెట్టి అరచేతి మీద ఎరుపు పడుతోందో లేదో చూసుకోవచ్చు. చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది. కనీసం చూస్తున్నారన్నమాట. చక్రం ఇరుసులో డైనమో ఉన్నవాళ్ళకు ఈ ఛార్జింగ్ టెన్షన్ లేదు. సిగ్నల్ దగ్గర ఆగినా, లోపల కాస్త కరెంటు దాచుకునే కెపాసిటర్ కొన్ని నిమిషాలు దీపాన్ని నిలబెడుతుంది. వాళ్ళ సుఖం చూసి ఓర్వలేక వాళ్ళ గురించి ఇంతకంటే రాయను.

వానకు తట్టుకునే గుణానికీ అంకెలున్నాయి. ఐపీఎక్స్4 అంటే ఏ దిక్కు నుంచి చిలికినా తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా బతుకుతుంది. సైకిలుతో సహా మీటరు లోతులో అరగంట ఉండేవాడికి వెనక దీపం కంటే ముందు చూసుకోవలసిన సంగతులు వేరే ఉంటాయి.

ఇక రిఫ్లెక్టరు. సైకిలుతోపాటు ఊరికే వచ్చే ఆ ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ. బ్యాటరీ లేదు, బటన్ లేదు, ఛార్జింగ్ అడగదు. అందుకే దానికి విలువ లేదు. కొత్త సైకిలు ఇంటికి రాగానే మనం చేసే మొదటి ముస్తాబు దాన్ని ఊడబెరకడం. చవకగా కనిపిస్తుందట, బరువట. ఆ బిళ్ళను వెలుగుకు ఎత్తి లోపలికి చూడండి: గది మూలల్లా మూడు ముఖాలు ఒకదానికొకటి నిట్టనిలువుగా కలిసే చిన్న చిన్న గుంటలు. వాటిలో పడ్డ వెలుగు మూడుసార్లు తిరిగి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. 1969లో అపోలో 11 వాళ్ళు చంద్రుడి మీద దిగినప్పుడు ఇలాంటి మూలలే నూరు గాజుతో చేసి, పలకకు బిగించి అక్కడ పెట్టి వచ్చారు. ఈనాటికీ భూమి నుంచి లేజరు కొడితే, దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరం నుంచి ఆ పలక మారు మాట్లాడకుండా వెలుగు తిప్పి పంపుతుంది. చంద్రుడికి పనికొచ్చిన వస్తువు మన సైకిలుకు నామోషీ అయింది. 1968 నాటి వియన్నా రోడ్డు ఒప్పందం సైకిలు వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాల్సిందేనని, ఎర్ర దీపమూ ఉండాలని చెప్పింది. ఒప్పందాలు రాసినవాళ్ళకు అందచందాల మీద అభిరుచి తక్కువ.

అలాగని రిఫ్లెక్టరును నెత్తిన పెట్టుకోమనడం లేదు. అది పలకరిస్తేనే పలుకుతుంది. హెడ్‌లైటు దాని మీద పడాలి, పడ్డ వెలుగు మళ్ళీ అంత దూరమూ తిరిగి రావాలి. దూరం రెండింతలైతే దీపం వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది, రిఫ్లెక్టరుది పదహారో వంతుకు పడిపోతుంది. పైగా వచ్చిన దారినే, అంటే హెడ్‌లైటు దగ్గరికే తిప్పి పంపుతుంది. కారు డ్రైవరు కళ్ళు హెడ్‌లైటుకు కాస్త పైన ఉంటాయి కాబట్టి ఆయనకు వాటా దక్కుతుంది. లారీ డ్రైవరు మేడ మీద కూర్చుని ఉంటాడు, ఆయన దాకా వచ్చేది తక్కువ. బిళ్ళ మీద బురద పట్టినా, అది వంకరగా వేలాడుతున్నా ఆ తక్కువా రాదు. కాబట్టి అడక్కుండా అరిచే దీపం ఒకటి, పిలిస్తే పలికే రిఫ్లెక్టరు ఒకటి, రెండూ కావాలి. స్పోక్స్ మధ్య పెట్టే బిళ్ళలు పక్కనుంచి వచ్చేవాడికోసం. వాడి హెడ్‌లైటులో అవి మెరిసేసరికి తరచు వాడు మనల్ని చేరిపోయి ఉంటాడు. ఉంటే ఉండనివ్వండి.

పచ్చటి పసుపు రంగు జాకెట్ల గురించి ఒక్క మాట. ఆ రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాలను తాగి మెరుస్తుంది. రాత్రికి ఎండ ఉండదు. దాని మీద కుట్టిన బూడిదరంగు పట్టీలే రాత్రి డ్యూటీ చేస్తాయి. జాకెట్ రంగు చూసి పట్టీలు లేనిది కొన్నవాడు పగలు మాత్రమే జాగ్రత్తపరుడు.

ఆ పట్టీలు ఎక్కడ ఉండాలన్నది నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. 1973లో గున్నార్ యోహాన్సన్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త, మనుషుల కీళ్ళ దగ్గర మాత్రమే వెలుగు చుక్కలు పెట్టి చీకట్లో నడిపించిన ప్రయోగాలు ప్రకటించాడు. చుక్కలు కదలకుండా ఉంటే చూసేవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. కదలగానే, మనిషి నడుస్తున్నాడని పసిగట్టేశారు. సైకిలు తొక్కేవాడి చీలమండలూ మోకాళ్ళూ సరిగ్గా ఆ పనే చేస్తాయి. ఆస్ట్రేలియాలో రాత్రిపూట మూసిన రోడ్డు మీద జరిపిన పరిశోధనలో నల్లబట్టల సైకిలిస్టును డ్రైవర్లు నూటికి రెండుసార్లే గుర్తుపట్టారు. మెరిసే పట్టీల జాకెట్ వేస్తే సగం సార్లు గుర్తుపట్టారు. చీలమండలకూ మోకాళ్ళకూ పట్టీలు కలిపితే నూటికి తొంభైసార్లు. వీపు మీద మెరిసేది బోర్డు కావచ్చు, మైలురాయి కావచ్చు, ఆగి ఉన్న బండి కావచ్చు. పైకీ కిందికీ ఆడే రెండు చుక్కలు మాత్రం మనిషే. పెడల్ రిఫ్లెక్టర్లు అందుకే పెడతారు. అవి లేని పెడళ్ళు ఉన్నవాళ్ళు కాళ్ళకు పట్టీ కట్టుకోవాలి. చప్పుడు లేని గజ్జెలనుకోండి.

ఇంత చెప్పినా ఒక వర్గం మిగిలే ఉంటుంది. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల సైకిలు. వాళ్ళ వాదన చాలా శుభ్రమైనది: "నాకు కారు అంత దూరం నుంచి కనిపిస్తోంది కదా, దానికి నేను కనిపించనా?" రెండు పెద్ద దీపాలతో వచ్చే వస్తువు తనకు కనిపించినందుకు, ఏ దీపమూ లేని తను దానికి కనిపించి తీరాలన్న ఈ నమ్మకానికి తర్కశాస్త్రంలో పేరేముందో తెలియదు, ఎముకల వార్డులో మాత్రం బెడ్ నంబర్లున్నాయి. అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, ఇదేమిటో అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒకటిన్నర సెకన్లు పట్టిందనుకుంటే, అప్పటికే 25 మీటర్లు అయిపోయాయి. ఆపడం ఇంకా మొదలే కాలేదు.

నా సంగతికొస్తే, ఇప్పుడు నా వెనకభాగం శాస్త్రోక్తంగా ఉంది. నిలకడ దీపం ఒకటి, మిణుకు దీపం ఒకటి, తుడిచిన రిఫ్లెక్టరు, చీలమండలకు పట్టీలు, కోటు అంచు పైకి మడిచి పిన్నీసు. మొన్న రాత్రి వీధి దీపాల వెలుగులో వెళుతుంటే వెనక ఒక కారు వేగం తగ్గించుకుని, చాలాసేపు మర్యాదగా దూరం పాటించి, తరవాత పక్కకు వచ్చి అద్దం దించింది. నా కృషిని ఎట్టకేలకు ఒక పరాయివాడు చూశాడు. మెప్పు స్వీకరించడానికి సిద్ధంగా తల తిప్పాను.

"సార్, వెనక నుంచి పెళ్ళి ఊరేగింపులా కనిపిస్తున్నారు. ఎదురుగా వచ్చేవాళ్ళే తప్పుకోలేకపోతున్నారు. మీ ముందు లైటు వెలగట్లేదు, చూసుకోండి" అన్నాడాయన.