పీడీఎఫ్ అయితే చాలదు, పాతికేళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలి

మొన్న విజయవాడ గవర్నర్‌పేటలో తెలిసిన లాయర్ ఆఫీసులో ఒక తెలుగు అఫిడవిట్ పీడీఎఫ్ తెరిచి చూశాను. స్క్రీన్ మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే మాత్రం తెలుగు ముక్క ఒక్కటీ రాలేదు, ఇంగ్లిష్ అక్షరాలూ ఏవో గుర్తులూ కలగాపులగంగా వచ్చాయి. యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లలో టైప్ చేశారు మరి, వాటిలో తెలుగు కనిపించడమే తప్ప కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు.

కోర్టుకు కాగితాలు ఆన్‌లైన్‌లో సమర్పించే ఈ-ఫైలింగ్ నిబంధనల్లో ఇప్పుడు పీడీఎఫ్/ఏ అనే మాట తరచూ కనిపిస్తోంది. 2005లో ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చిన ఈ ఫార్మాట్ ఉద్దేశం ఒక్కటే: ఏళ్లు గడిచాక, ఏ కంప్యూటర్‌లో తెరిచినా కాగితం ఇవాళ ఎలా ఉందో అలాగే కనిపించాలి. అందుకే ఫాంట్లు ఫైల్లోనే ఉండాలి, పాస్‌వర్డ్ ఉండకూడదు. ఆస్తి దావాలు తండ్రి వేస్తే కొడుకు తీర్పు వినే మన దగ్గర ఇది చిన్న విషయం కాదు.

అయితే ఫాంటు ఫైల్లో ఉంటే కనిపించడం వరకే భరోసా. సాక్షి పేరో సర్వే నంబరో వెతికితే దొరకాలంటే ప్రతి తెలుగు అక్షరాన్నీ కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లో టైప్ చేయాల్సిందే, అంటే మార్పు మొదలవ్వాల్సింది అప్‌లోడ్ దగ్గర కాదు, గుమాస్తా కీబోర్డు దగ్గర. కోర్టులను కంప్యూటరీకరించే ఈ-కోర్ట్స్ పథకం మూడో దశకు కేంద్రం 2023లో ఆమోదించిన 7,210 కోట్లలో 2,038 కోట్లు కేసు రికార్డుల స్కానింగు, డిజిటైజేషన్, భద్రతకే కేటాయించారు. పాతవాటిని కాపాడటానికే ఇంత ఖర్చవుతుంటే, కొత్తగా వేసే ఫైళ్లనూ రేపు వెతికితే దొరకని విధంగా తయారుచేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

క్లయింట్లు వాట్సాప్‌లో పంపే బ్యాంక్ స్టేట్‌మెంట్లకు చాలాసార్లు పాస్‌వర్డ్ ఉంటుంది, అది తీయకుండా పీడీఎఫ్/ఏ చేయలేం. ఇంకొకటి, ముందు డిజిటల్ సంతకం పెట్టేసి తర్వాత ఫార్మాట్ మారిస్తే ఆ సంతకం చెల్లదు, అందుకే మార్చాకే సంతకం. ఈ వరస తెలియక ఆఖరి రోజు సాయంత్రం టెన్షన్ పడితే లాభం లేదు.

దీనికి ఖర్చేమీ లేదు. వర్డ్‌లోనూ, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లోనూ పీడీఎఫ్ చేసేటప్పుడు పీడీఎఫ్/ఏ కావాలని టిక్ పెట్టే ఆప్షన్ ఉంది, సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి వెరాపీడీఎఫ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. విజయవాడ, గుంటూరు బార్ అసోసియేషన్లు గుమాస్తాలను కూర్చోబెట్టి ఒక పూట నేర్పిస్తే సరిపోతుంది, కోర్టులకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడైతే అందరికీ తీరిక కూడా దొరుకుతుంది.