స్టాంప్ డేట్ వేరు, స్టేటస్ వేరండి

అమెరికాలో చదివే పిల్లలు వీసా డేట్ అయ్యేలోపు వెనక్కి వచ్చేయాలన్నట్టు ఒకరు పోస్ట్‌లో రాశారు గానీ అది కరెక్ట్ కాదండి, పాస్‌పోర్ట్‌లో స్టాంప్ ఆ దేశంలోకి ఎంటరవ్వడానికే, వెళ్ళాక చూసుకోవాల్సింది ఐ-20 (కాలేజీ ఇచ్చే స్టూడెంట్ ఫారం) మీదున్న డేటూ, ఫుల్ టైమ్ కోర్స్ లోడూ (సెమిస్టర్‌కి తప్పక చదవాల్సినన్ని సబ్జెక్టులు). స్టేటస్, అంటే అక్కడ స్టూడెంట్‌గా ఉండే హక్కు, నిలిచేది వీటి మీదే. మా భీమవరం సైడ్ రొయ్యల చెరువు లీజుకిచ్చి మరీ పంపుతారు, ఫీజు ఎంతని అడుగుతారు తప్ప ఇవి ఒక్కళ్ళూ అడగరు. మా మేనల్లుడు కష్టంగా ఉందని ఓ సబ్జెక్ట్ వదిలేస్తానంటే ముందు కాలేజీలో డీఎస్ఓ (విదేశీ స్టూడెంట్ల వ్యవహారాలు చూసే ఆఫీసర్) పర్మిషన్ తీసుకోరా బాబూ అన్నా, డ్రాప్ చేసేశాక అడిగితే ఏం లాభం. రూమ్ మారితే 10 రోజుల్లో అడ్రస్ అప్‌డేట్ చేయాలి. క్యాంపస్ జాబ్ సెమిస్టర్ నడుస్తుంటే వారానికి 20 గంటలే. ఇక గ్యాస్ స్టేషన్‌లో, అంటే పెట్రోల్ బంకులో, పర్మిషన్ లేకుండా క్యాష్‌కి పని చేస్తే ఎవడికి తెలుస్తుందిరా అనే సీనియర్లున్నారు చూడండీ, రేపు స్టేటస్ పోతే వాళ్ళు ఫోన్ కూడా ఎత్తరు.