నవ్వుల పద్దుపై ఆడిట్ అభ్యంతరాలు

1940 మార్చి 5న అమెరికాలో ఒక రేడియో హాస్య కార్యక్రమంలో అలమర తలుపు తీశారు. అందులోంచి కిందపడ్డ సామానుకు ఈనాటి వరకూ స్టాకు రిజిస్టరు లేదు. రేడియో స్వర్ణయుగమని లోకమంతా పొగిడే ఆ రోజుల్లో ఖర్చు ఎంత విచ్చలవిడిగా సాగిందో చెప్పడానికి ఈ ఒక్క అలమర చాలు. అయినా పని మొదలుపెట్టాక సగంలో వదలడం ఆడిట్ ధర్మం కాదు గనుక మిగతా పద్దులూ తిరగేయక తప్పలేదు.

అలమర యజమాని ఫిబ్బర్ మెగీ. ఇంటి నంబరు 79, వీధి విస్ట్‌ఫుల్ విస్టా. 1935లో ఎన్‌బీసీ అనే రేడియో సంస్థలో మొదలైన ‘ఫిబ్బర్ మెగీ అండ్ మాలీ’ కార్యక్రమంలో ఆయన గొంతు జిమ్ జోర్డన్‌ది, భార్య మాలీ గొంతు జిమ్ సొంత భార్య మారియన్‌ది. డబ్బు పెట్టింది జాన్సన్ వాక్స్ కంపెనీ. నేలకు మెరుగుపెట్టే మైనం అమ్ముకునేవాళ్ళు, ఆ నేల మీదే బండెడు పాత సామాను గుమ్మరించమని ఎదురు డబ్బిచ్చారన్న మాట. ఇందులోని వ్యాపార సూత్రమేమిటో కంపెనీ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

పడేసే పద్ధతి కూడా మామూలుది కాదు. సామానంతా చిన్న మెట్ల వరస మీద పేర్చి, వరసక్రమంలో తోసేవారు. మొదట తలుపు గడియ చప్పుడు. తర్వాత ఒకటో రెండో చిన్న వస్తువులు, వినేవాడికి అనుమానం పుట్టేంత మాత్రం. ఆ వెంటనే రేకు, చెక్క, గాజు, ఇనుము కలిసి జలపాతం. తర్వాత నిశ్శబ్దం. గండం గడిచిందని వినేవాడు ఊపిరి వదిలే వేళకి, అడుగున మిగిలిపోయిన చిన్న గంట ఒకటి ‘టింగ్’మంటుంది. నవ్వు సగానికి సగం ఆ గంటదే. గంట తొందరపడితే ముందు నవ్వులో మునిగిపోతుంది, ఆలస్యమైతే ఎవరో పొరపాటున తన్నినట్టుంటుంది. అన్నీ ఒక్కసారే గుమ్మరిస్తే మైకు ఉక్కిరిబిక్కిరై ఒకే ఒక్క ధబ్బు వినిపిస్తుంది. అందుకే బరువు, లోహం చూసుకుని పేర్చాలి. మెత్తటి సరుకు పనికిరాదు. చెవికి తెలిసినంత మేరకు ఆ ఇంటి అలమరలో ఒక్క చీర గానీ దుప్పటి గానీ లేవు. ఇది కుటుంబమా, పాత ఇనుప సామాన్ల కొట్టా అన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

ఇంత ఖర్చుపెట్టి తయారుచేసుకున్న అలమరను ప్రతి వారం తెరిచారా అంటే అదీ లేదు. కొన్ని వారాలు తలుపు ముట్టుకోనేలేదు. ఆస్తి నిరుపయోగంగా పడి ఉందని పేరా రాయవలసి వచ్చింది. ఇవాళ ఇలాంటి అలమర ఒకటి చేతికి చిక్కితే మనవాళ్ళు పదిహేను సెకన్లకోసారి తెరుస్తారు, పడే గిన్నె చుట్టూ ఎర్ర సున్నా గీస్తారు, ‘చివరిదాకా చూడండి’ అని రాస్తారు. ఆ కాలం వాళ్ళకు ఆస్తి నిర్వహణ తెలియదు.

ఇక స్టూడియో స్టోరు గది. ఇక్కడ దొరికిన లోటుపాట్లు రాయడానికి ఫారాలు చాలలేదు. తోలుసంచిలో మొక్కజొన్న పిండి: తినడానికి కాదు, నొక్కడానికి. రేణువులు ఒకదానితో ఒకటి ఒరుసుకుని మంచు మీద నడిచినట్టు కిర్రుకిర్రుమంటాయి. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణమంటారు, ఇక్కడ గాలికి పోవడమే ఆ పిండి ఉద్యోగం. సెల్లోఫేన్ కాగితం నలిపితే చలిమంట. నిజం మంట మైకుకు ఏదో గాలి వీచినట్టు వినిపిస్తుంది గనుక, నిప్పు కన్నా కాగితమే నమ్మకస్తురాలు. పల్చటి పెద్ద రేకు ఊపితే ఉరుము. తుపాకీ విషయంలో మరీ దారుణం. ఉత్త తూటా పిస్తోలు ప్రత్యక్ష ప్రసారంలో పేలకుండా మొరాయించడం మామూలు కనుక, పక్కనే ఇంకొకడు తోలు దిండు మీద బెత్తం ఎత్తి సిద్ధంగా నిలబడేవాడు. ఒక్క హత్యకు ఇద్దరు ఉద్యోగులు! అన్నిటికన్నా గంభీరమైన లోటు గుర్రం దగ్గర తేలింది. గుర్రానికి కాళ్ళు నాలుగు. రికార్డులో చూపినవి కొబ్బరి చిప్పలు రెండు. తక్కిన రెండు కాళ్ళ సంగతి ఏ స్టోరు కీపరూ చెప్పలేకపోయాడు.

రేడియో హాస్యగాడు జాక్ బెన్నీ ఫైలు విడిగా చూడాలి. 1894లో పుట్టిన ఈ ఉద్యోగి వయసు 39 దగ్గర ఆగిపోయింది. ఎన్నేళ్ళు గడిచినా 39 అనే రాయించుకున్నాడు. పదవీ విరమణ తేదీ లెక్కకట్టడం ఎవరి తరమూ కాలేదు. వయసు పోనీ, ఇతని మీద అసలు ఆరోపణ: ఏమీ మాట్లాడకుండా జీతం తీసుకోవడం.

1948 మార్చి 28 ప్రసారం వినండి. దొంగ అడ్డగించి ‘డబ్బిస్తావా, ప్రాణమిస్తావా’ అంటాడు. బెన్నీ పలకడు. రేడియోలో పలకకపోవడమంటే దుకాణం తెరిచి సరుకు అమ్మకపోవడం. దొంగ విసుగెత్తి మళ్ళీ గద్దిస్తే అప్పుడు ‘ఆలోచిస్తున్నా!’ అంటాడు. ఆ ఖాళీకి డబ్బు కట్టింది లక్కీ స్ట్రైక్ సిగరెట్ కంపెనీ. ఇంతకీ ఆ మాట పుట్టిన తీరు ఇంకా విడ్డూరం. దొంగ ప్రశ్న దాకా రాసి, జవాబు తోచక రచయితలు మిల్ట్ జోసెఫ్స్‌బర్గ్, జాన్ టాకబెరీ ఇద్దరూ ఇరుక్కుపోయారు. ఎంతసేపటికీ నోరు మెదపని టాకబెరీని జోసెఫ్స్‌బర్గ్ కసిరితే, ‘ఆలోచిస్తున్నా’ అని జవాబొచ్చింది. పనివేళల్లో ఊరికే కూర్చున్నందుకు మెమో ఇవ్వవలసిన చోట ఆ సంజాయిషీనే స్క్రిప్టులో ఎక్కించుకున్నారు.

ఆ మౌనం ఇంకెవరి నోట్లోనైనా చెల్లుతుందా అని పరీక్షిస్తే, చెల్లదు. బెన్నీ 1932లో రేడియోకొచ్చి, ఏళ్ళ తరబడి పిసినారి వేషం వేశాడు. నేలమాళిగలో ఖజానా పెట్టాడు. అక్కడికి దిగాలంటే అడుగుల చప్పుడు, గొలుసులు, తాళాలు, కావలివాడి ‘ఎవరక్కడ?’, ఆపైన సైరన్లు, ఈలలు. మాటల్లేకుండా అంతసేపు వినిపించి ఒక్క డాలరు బయటికి తీసేవాడు. పదహారేళ్ళు అలా అణా అణా కూడబెట్టాడు గనుకే ఆ ఒక్క క్షణం మౌనానికి జనం పగలబడ్డారు. పెట్టుబడికీ రాబడికీ మధ్య పదహారేళ్ళు! ఏ బ్యాంకైనా ఇలాంటి ప్రాజెక్టుకు అప్పిస్తుందా? ఇప్పుడైతే అంత ఖాళీ వదిలితే చూసేవాడి బొటనవేలు వీడియోను పైకి నెట్టేస్తుంది. అందుకే మనవాళ్ళు మాటకూ మాటకూ మధ్య ఊపిరిని కూడా కత్తిరించి, ‘టొంయ్’ అని ఒక శబ్దం అతికిస్తున్నారు. పొదుపంటే అదీ.

బెన్నీ దగ్గరే రకరకాల గొంతులు పలికే మెల్ బ్లాంక్ అనే ఉద్యోగి ఉన్నాడు. బెన్నీ ఖజానాకు కాపలా అని చెప్పే ఎలుగుబంటికి గుర్రుమనడం ఒక్కటే నెలల తరబడి ఇతని డ్యూటీ. తనకు మాటలు కూడా వచ్చని చివరికి తానే చెప్పుకోవలసి వచ్చింది. బెన్నీ పాత మాక్స్‌వెల్ కారు శబ్దం ఒకసారి రికార్డు మీద మొరాయిస్తే, ఇతను మైకు ముందుకి ఉరికి దగ్గి, తుమ్మి, కొసరుగా కక్కి కారును నడిపించాడు. ఆ తర్వాత కారు ఇతనే. రైల్వే స్టేషన్‌లో అనౌన్సరుగా ‘అనాహైమ్, అజూసా అండ్ కూ...’ అని ఆపి, ‘...కమోంగా’ అనడానికి చాలాసేపు తీసుకునేవాడు. ఒక్క ఊరి పేరును రెండు వాయిదాల్లో చెల్లించడానికి అనుమతి ఇచ్చిందెవరో తెలియదు.

అవినీతి పరాకాష్ఠకు చేరింది మాత్రం ఎడ్గర్ బెర్గెన్ వ్యవహారంలో. 1937 మేలో చేజ్ అండ్ శాన్‌బర్న్ కాఫీ వారి కార్యక్రమంలో చేరిన ఇతని వృత్తి, పెదాలు కదలకుండా చెక్కబొమ్మ చేత మాట్లాడించడం. రేడియోలో! మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా ఎంత వాగినా కనీసం తెర మీద నీడైనా పడేది. ఇక్కడ నీడ కూడా లేదు. పైపెచ్చు బెర్గెన్ పెదాలు కదిలేవి, చూసేవాళ్ళు లేకపోవడం అతనికి కలిసొచ్చింది. ఒక తనిఖీదారుకు ఇంతకన్నా నగ్నమైన మోసం దొరకదు.

అయితే ఆ చార్లీ మెకార్తీ అనే బొమ్మకు పొడుగు టోపీ, డిన్నర్ సూటు, ఒంటి కంటి అద్దం ఎందుకు? వినేవాడికి అద్దం కనబడదు కదా? బెర్గెన్‌ను ఆ ప్రశ్న అడిగితే బహుశా బొమ్మే జవాబు చెప్పేది. మనిషి మర్యాదస్తుడు, సిగ్గరి. తాను అనలేని మాటలన్నీ చెక్కకు అప్పగించాడు. ఎదురుగా పొడుగు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు ఉన్నాడని తనకే నమ్మకం లేకపోతే ఆ రెండో గొంతు అంత నిక్కచ్చిగా ఎదురు తిరగదు. ఇది వాదన మాత్రమే, వోచరు కాదు. రికార్డులో ఉన్నది: చికాగో చెక్కపనివాడికి తల చెక్కినందుకు దాదాపు 35 డాలర్లు. 1938లో బెర్గెన్‌కు ప్రత్యేకంగా చెక్కతో చేసిన ఆస్కార్, నోరు కదిలేది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదువు పూర్తిచేయని బెర్గెన్‌కు కాక, బొమ్మకు గౌరవ డిగ్రీ. ఎత్తిపొడుపుల్లో, వెంటనే ఎదురు జవాబివ్వడంలో ‘మాస్టర్’ అట. బెర్గెన్ 1978లో పోతూ చార్లీ బాగోగులకని వీలునామాలో 10,000 డాలర్లు రాసి, నటుల సంక్షేమ నిధికి అప్పగించాడు. బొమ్మ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. సంజాయిషీ కోరితే పెదాలు కదపలేదు.

పొదుపు పాటించిన పద్దులు లేవా అంటే, ఉన్నాయి. ‘ఏమస్ అండ్ ఆండీ’ చూడండి. 1928లో చికాగోలో మొదలైంది. ఫ్రీమన్ గాస్డెన్, చార్లెస్ కారెల్ అనే ఇద్దరు తెల్లవాళ్ళు తొలి ఏళ్ళలో ఒక నల్లజాతి పేటలోని మనుషుల గొంతులన్నీ తామే పలికారు. రెండే జీతాలు. ఆ ఏళ్ళలో నల్లవాళ్ళకు ఒక్క డాలరు చెల్లించే అవసరం రాలేదు. సినిమాహాళ్ళలో బొమ్మ ఆపి మరీ దీన్ని వినిపించేవారు. 1931లో పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రిక దీన్ని ఆపించాలని సంతకాల ఉద్యమం నడిపితే, కార్యక్రమం ఆగలేదు. కనబడకపోవడం వల్ల ఎవరికి ఎంత ఆదా అయిందో ఇంత స్పష్టంగా చూపే ఖాతా మరొకటి లేదు గనుక, ఈ పేరా మీద ఆడిట్ అభ్యంతరం నిల్. ఆడిట్ అంటే ఏమిటో కూడా పాఠకులకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

సముద్రం దాటి లండన్ వెళితే ప్రాణం కొంచెం కుదుటపడింది. బీబీసీ వారు 1940ల చివర్లో రచయితల కోసం ఒక ఆకుపచ్చ పుస్తకం వేశారు. నిషిద్ధ జోకుల జాబితా అది. మరుగుదొడ్లు, మగవాళ్ళ ఆడంగితనం కూడదు. కొత్త దంపతులు, హోటల్ పనమ్మాయిలు, అంజూరపు ఆకులు, ఆడవాళ్ళ లోదుస్తులు, కుందేళ్ళ అలవాట్లు, ఇంట్లో అద్దెకున్న పెద్దమనుషులు, ఊళ్ళు తిరిగి సరుకులమ్మేవాళ్ళు, వీళ్ళ మీద చమత్కారం పనికిరాదు. చలికాలం ముంచుకొస్తోంది అన్న మాట కూడా, ఇంగ్లీషులో గబగబా అంటే లోదుస్తు పేరు వినబడుతుందని కొట్టేశారు. ‘కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళమ్మ గాడిదను చూసి జడుసుకుంది’ లాంటివీ నిషిద్ధమే. జనం దేనికి నవ్వుతారో ఇంత సమగ్రంగా పట్టిక వేసిన గ్రంథం ప్రపంచంలో ఇంకోటి ఉండదు. హాస్యం రాయడం నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళు వెంటనే సంపాదించాలి.

ఆ బీబీసీలోనే 1951 నుంచి 1960 దాకా ‘ది గూన్ షో’ జరిగింది. ముఖ్య రచయిత స్పైక్ మిలిగన్, పుట్టింది మన అహ్మద్‌నగర్‌లో. మెత్తటిదేదో వచ్చి తపక్కున అంటుకున్న శబ్దం కావలసి, క్యాంటీన్‌లో కస్టర్డ్ చేయించాడు. మేజోళ్ళు విప్పాడు. కస్టర్డ్ వాటిలో పోశాడు. గిరగిరా తిప్పి చెక్క పలకకేసి కొట్టాడు. కోరుకున్న శబ్దం రాలేదు. రాదు, మేజోడు గుడ్డ దెబ్బను తాగేస్తుంది. ఇదంతా రేడియో ఉన్న ప్రతి ఇంటివాడూ కట్టిన లైసెన్సు ఫీజు. మన దగ్గర కూడా పోస్టాఫీసు క్యూలో నిలబడి రేడియో లైసెన్సు కట్టిన పెద్దలున్నారు, వాళ్ళ డబ్బు ఎవరి మేజోళ్ళలోకి వెళ్ళిందో దేవుడికెరుక.

తిరిగి అమెరికాకి వస్తే, దుబారాకు మూలకారణం దొరికింది. ఎన్‌బీసీ, దాని పోటీ సంస్థ సీబీఎస్ వారు రికార్డు చేసిన కార్యక్రమాలను రానిచ్చేవారు కారు. తూర్పు తీరానికి ఒకసారి చేసి, మూడు గంటలాగి అదే ఆట పడమటి తీరానికి మళ్ళీ చేసేవారు. అదే జోకు, అదే అమాయకత్వం, ఈసారి భోజనం చేసి వచ్చిన పొట్టతో. ఈ గొడవ పడలేక గాయకుడు బింగ్ క్రాస్బీ 1946లో ఏబీసీ అనే మరో సంస్థకి మారిపోయి ముందే రికార్డు చేయడం మొదలుపెట్టాడు. ఇంజనీరు జాక్ మల్లిన్ జర్మనీ నుంచి తెచ్చిన టేపు యంత్రాలు మరుసటేడు చేరాయి. అక్కడ జరిగింది చూసి ఆడిట్ కళ్ళు చెమర్చాయి. బాబ్ బర్న్స్ అనే హాస్యగాడు కొన్ని మోటు జోకులు చెప్పాడు. జనం విరగబడి నవ్వారు. జోకులు ప్రసారానికి పనికిరావు. జోకులు కత్తిరించి, నవ్వులు మాత్రం దాచిపెట్టమన్నాడు రచయిత బిల్ మారో. కొన్ని వారాల తర్వాత ఓ కార్యక్రమం చప్పగా వస్తే, దాచిన నవ్వులు తీసి అందులో అతికించారు. వాడేసిన నవ్వు మళ్ళీ వాడకానికి వచ్చింది. అలమర అక్కర్లేదు, కొబ్బరి చిప్పలక్కర్లేదు, పదహారేళ్ళూ అక్కర్లేదు.

ఇక చివరి ఫైలు హాస్యగాడు ఫ్రెడ్ ఆలెన్‌ది. 1947 ఏప్రిల్ 20న ఇతను ఎన్‌బీసీలో ఉపాధ్యక్షుడొకరి గురించి చెప్పబోయాడు. కార్యక్రమాలు టైము దాటితే చివర్లు కత్తిరించే అధికారి ఆయన. కత్తిరించిన సెకన్లు ఇక్కడ పది, అక్కడ ఇరవై అని రాసిపెట్టుకుంటాడు. రెండు వారాలకు సరిపడా పోగయ్యాక, ఆ కాలంలో సెలవు తీసుకుంటాడు. ఇన్ని కట్టల కాగితాల్లో ఆడిట్ మనస్ఫూర్తిగా సిఫారసు చేయదగిన ఒకే ఒక్క ఉద్యోగి! ఆయనకు పదోన్నతి రాయబోతుంటే, కల్పిత పాత్ర అన్నారు. పైగా ఎన్‌బీసీ వారు ఆ జోకు మీదే మీట నొక్కి, దేశమంతటికీ దాదాపు అర నిమిషం నిశ్శబ్దం ప్రసారం చేశారు. ఆ వారంలోనే దాని మీద జోకేయబోయిన హాస్యగాళ్ళు బాబ్ హోప్‌నూ, రెడ్ స్కెల్టన్‌నూ కూడా కత్తిరించారు. మూడు కత్తిరింపులూ కలిపితే ఎన్ని సెకన్లో కూడి, అవి ఎవరి సెలవు ఖాతాలో జమ అయ్యాయో పదిహేను రోజుల్లో తెలియజేయాలని ఇందుమూలంగా కోరడమైనది.