పావు బిళ్ళ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పావు బిళ్ళ గారి దివ్య సముఖమునకు,

ఇంట్లో బీపీ ఉన్న పిల్లినో, గుండె జబ్బు పిల్లినో పెట్టుకుని మందుల షాపు చుట్టూ తిరిగేవాళ్ళందరి తరఫున నమస్కరించి వ్రాయు విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా పొడి కాకుండా, ఫ్రిజ్ కిందికి దొర్లకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాం.

పావలా బిళ్ళ చెల్లదని ప్రభుత్వం 2011 జూన్ 30తో తేల్చేసింది. మీరు మాత్రం ఇంకా చెల్లుతున్నారు. అదీ మామూలుగా కాదు. మిమ్మల్ని తయారుచేసే కంపెనీ లేదు. ఒంటిమీద ఎమ్మార్పీ లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఎక్స్‌పైరీ లేదు. జంతువుల మందు డబ్బా మీద "మనుషులకు కాదు, జంతువుల వైద్యానికి మాత్రమే" అని రాసి, పక్కన పశువు తల బొమ్మ వెయ్యాలని మన మందుల నిబంధనల్లో ఉంది. మీకు ఆ బొమ్మ కూడా లేదు. మనుషుల బిళ్ళగా పుట్టి, వంటింటి గట్టు మీద నాలుగు ముక్కలై, పిల్లి నాలుక వెనక తేలతారు. ఇంత అనధికారికంగా ఉంటూ ఇన్ని ప్రాణాలు నిలబెట్టేవారు ఇంకెవరున్నారు?

ముందు మీ ఘనత చెప్పుకోవాలి. ముసలి పిల్లికి కిడ్నీ జబ్బుతో పాటు బీపీ పెరగడం మామూలే. వదిలేస్తే రెటీనా ఊడి రాత్రికి రాత్రి చూపు పోతుంది. దానికి డాక్టర్లు ఎక్కువగా రాసేది అమ్లోడిపిన్, నాలుగు కిలోల పిల్లికి మొదట రోజుకు 0.625 మిల్లీగ్రాములు. మనుషుల షాపులో దొరికే చిన్న బిళ్ళ 2.5. అందులో పావు తీస్తే దశాంశంతో సహా సరిపోతుంది. పది బిళ్ళల షీటు నలభై రోజులు. జన్ ఔషధి కేంద్రంలో కొంటే రోజు మందు ఖర్చు రూపాయి కూడా దాటదు. పిల్లి వైద్యంలో డబ్బంతా మందుకే పోతుందని ఒక అపోహ ఉంది. పాత జబ్బుల్లో చాలావాటికి పోయేది రక్తపరీక్షకి, స్కానింగ్‌కి, బీపీ కొలిపించడానికి, ఎండలో బుట్టతో ఆటోకి. మీ వంతు అందులో చిల్లర.

అయితే షాపువాడు 2.5 లేదంటూ 5 చేతిలో పెడితే మీ బదులు అరపావు రావాలి. ఎనిమిదో వంతు అన్నమాట. దాన్ని బిళ్ళ అనరు, విభూతి అంటారు. అందుకే చీటీ రాయించుకునేటప్పుడే డాక్టరు గారిని మూడు విషయాలు అడగాలి: మందు అసలు పేరు, కొనాల్సిన బిళ్ళ ఎన్ని మిల్లీగ్రాములది, పిల్లి నోట్లోకి వెళ్ళాల్సింది ఎన్ని మిల్లీగ్రాములు. ఉత్త "1/4" అని రాస్తే రేపు దాన్ని ఒకటి అని చదివేవాళ్ళు ఉంటారు, నాలుగు అని చదివేవాళ్ళూ ఉంటారు. "2.5 బిళ్ళలో పావు, అంటే 0.625" అని ఉంటే మీ పరువూ నిలుస్తుంది, పిల్లి ప్రాణమూ నిలుస్తుంది. పేషెంటు పేరు చిట్టి, వయసు పదకొండు, బరువు నాలుగు కిలోలు అని చూసి షాపులో కుర్రాడు నవ్వితే నవ్వనీ. పశువైద్యుడు రాసిన చీటీ కూడా చీటీయే. మొదటిసారి షీటంతా కొనకుండా రెండు మూడు బిళ్ళలు కత్తిరించి ఇవ్వమనడం మంచిది. మోతాదు మారినా, మందు పడకపోయినా షీటు వృథా కాదు. ఎక్స్‌పైరీ తేదీ షీటుకి ఒక చివరే ఉంటుంది, కత్తిరించాక అది షాపులోనే ఉండిపోతుంది. కాగితం మీద రాసుకోవాలి.

ఇక ఫిర్యాదులు. మొదటిది మీ చుట్టాల గురించి. మన దేశంలో బీపీ బిళ్ళలు ఒంటరిగా ఉండవు, పక్కన ఇంకెవర్నో వెంటేసుకుని తిరుగుతాయి. పేరు చివర "ఏటీ" అని తోక ఉంటే అందులో అమ్లోడిపిన్‌తో పాటు అటెనోలాల్ కూడా ఉంటుంది, అది గుండె వేగాన్ని తగ్గించే మందు. "అదే మందండీ, ఇది ఇంకా మంచిది" అని ఇచ్చేస్తారు. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ అడిగితే ఆస్పిరిన్ కలిపినది చేతిలో పడుతుంది. ఆస్పిరిన్‌ని వదిలించుకోవడానికి పిల్లి ఒంటికి రోజులు పడుతుంది, అందుకే డాక్టర్లు దాన్ని వాడినా రోజూ ఇవ్వరు. మిమ్మల్ని నమ్మి రోజూ పావు వేస్తూ పోతే తెలియకుండానే రెండో మందు పేరుకుపోతుంది. షీటు వెనక సన్న అక్షరాల్లో ఒక్క మందు పేరే ఉందో లేదో షాపులోనే చదువుకోవాలి. కళ్ళజోడు మరిచిపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోవాలి.

రెండో ఫిర్యాదు పెద్దది. మీ పేరు చెప్పుకుని హత్యలు జరుగుతున్నాయి. పిల్లికి ఒళ్ళు వేడిగా ఉంది, మనకైతే ఒక బిళ్ళ, దానికి పావు చాలదా అనుకుని పారాసెటమాల్ వేస్తారు. 650 బిళ్ళలో పావు అంటే 162 మిల్లీగ్రాములు, నాలుగు కిలోల పిల్లికి కిలోకి నలభై. కిలోకి పది మిల్లీగ్రాములకే విషమైన సందర్భాలున్నాయి. మన కాలేయం ఆ మందుని వదిలించుకునే దారి పిల్లి కాలేయంలో దాదాపు లేదు. చిగుళ్ళు గోధుమరంగుకో నీలంకో తిరిగి, మొహం వాచి, ఊపిరాడక పోతుంది. కీళ్ళ నొప్పికి వాడే మెలాక్సికామ్ చూడండి. రోజూ వాడే పద్ధతిలో నాలుగు కిలోల పిల్లికి 0.2 మిల్లీగ్రాములు. మనుషుల 7.5 బిళ్ళలో పావు 1.875, అంటే తొమ్మిది రెట్ల పైనే. కిడ్నీలు అక్కడితో సరి. కుక్కల పేలకి మెడ మీద పోసే పర్మెత్రిన్ మందులో పావు వంతు పోసేవాళ్ళకీ ఇదే సమాధానం: పిల్లికి అది చుక్క కూడా పనికిరాదు. చిన్న ప్రాణికి చిన్న ముక్క అనే లెక్క పాతదే, చాలా మందుల విషయంలో తప్పు కూడా. అయినా పిల్లి చిన్న మనిషి కాదని చెప్పాల్సిన బాధ్యత మీది కాదు లెండి, మీకు నోరు లేదు.

మిమ్మల్ని పుట్టించే పద్ధతి గురించి కాస్త విస్తారంగా చెప్పుకోవాలి, మిగిలిన గొడవంతా అక్కడే ఉంది. కూరగాయల కత్తి వద్దు. ఒక ముక్క లావుగా, ఒకటి సన్నగా వచ్చి, మూడోది పీట మీద పొడిగా మిగులుతుంది. మందుల షాపులోనే ప్లాస్టిక్ పిల్ కట్టర్ దొరుకుతుంది, మూతకి బ్లేడు బిగించి ఉంటుంది. బిళ్ళని గాడి మూలకి ఆనించి మూత ఒక్క ఊపున మూయాలి. భయపడుతూ మెల్లగా నొక్కితే బిళ్ళ నలిగిపోతుంది. ముందు రెండు సగాలు. తర్వాత ఒక్కో సగం తిన్నని అంచు బ్లేడుకి అడ్డంగా ఉండేలా పెట్టి రెండో కోత. పొడి ఎక్కువ రాలుతోందంటే బ్లేడు మొద్దుబారినట్టే.

ఎంత ఒడుపుగా కోసినా నాలుగు పావులూ సమానం కావు. దానికి ఉపాయం ఉంది. ఒక బిళ్ళలోంచి వచ్చిన నాలుగు ముక్కల్నీ వరసగా నాలుగు రోజులు వేసి, ఆ తర్వాతే ఇంకో బిళ్ళ కొయ్యాలి. ఇవాళ కాస్త ఎక్కువ వెళ్తే రేపు కాస్త తక్కువ వెళ్తుంది, నాలుగో రోజుకి లెక్క ఒక బిళ్ళకి వచ్చి ఆగుతుంది. అమ్లోడిపిన్ పిల్లి ఒంట్లో చాలాసేపు నిలిచే మందు కాబట్టి ఈ హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. ఓపికగా ఉన్న ఆదివారం నాడు షీటంతా కోసి డబ్బాలో పోసుకున్నారా, చిన్నా పెద్దా కలిసిపోయి ఒక వారం అన్నీ చిన్నవే పడొచ్చు. పైగా ఈ మందుకి తేమ పడదు, వెలుతురు పడదు. బెజవాడ వానాకాలంలో కోసి పెట్టుకున్న ముక్కల సంగతి చెప్పక్కర్లేదు.

ఇంతకంటే తెలివైనవాళ్ళు బిళ్ళ నలిపి నీళ్ళలో కలిపి సిరంజితో కొలుస్తామంటారు. అమ్లోడిపిన్ నీళ్ళలో సరిగా కరగదు, అడుగున కూర్చుంటుంది. మొదటి రోజు పిల్లికి తీర్థం, చివరి రోజు మొత్తం మందు. అసలు కొయ్యకూడని బిళ్ళలూ ఉన్నాయి: పేరు పక్కన ఎస్సార్, ఎక్సార్, ఈఆర్ అని ఉంటే అది నెమ్మదిగా విడుదలయ్యేలా కట్టిన మందు, కోస్తే రోజంతా నడవాల్సింది ఒక్కసారే దిగుతుంది. కడుపులో ఆమ్లం తగలకుండా పూత వేసిన పాంటోప్రజోల్ లాంటివీ అంతే. అలాంటి చోట్ల తమరు దయచేసి పుట్టవద్దు.

క్లోపిడోగ్రెల్ దగ్గర మీ స్వభావం పూర్తిగా బయటపడుతుంది. గుండె జబ్బు ఉన్న పిల్లికి రక్తం గడ్డకట్టి వెనక కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఒకసారి అలా అయి కోలుకున్న పిల్లుల మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. ఆస్పిరిన్ వాడినవాటిలో మళ్ళీ గడ్డకట్టడానికి మధ్యస్థంగా 192 రోజులు పడితే, క్లోపిడోగ్రెల్ వాడినవాటిలో 443 రోజులు పట్టింది. వాడిన మోతాదు 18.75, అంటే 75 బిళ్ళలో కచ్చితంగా మీరే. షీటు చవక, లెక్క సులువు, అంతా బాగుంది. కానీ మీరు కాకర రసాన్ని సిగ్గుపడేలా చేసే చేదు. పైపూత ఉన్న నిండు బిళ్ళకి అది తెలియదు, కోసిన అంచుకే తెలుస్తుంది. నాలుకకి తగిలిన క్షణంలో పిల్లి నోట్లోంచి నురగ, పరుపు కింద పిల్లి, చొక్కా మీద మీరు. మర్నాటి నుంచి కట్టర్ చప్పుడు వింటే చాలు, మాయం. దీనికి మందు చిన్న సైజు ఖాళీ జెలటిన్ క్యాప్సూల్: నాలుగో నంబరుది తెచ్చి మిమ్మల్ని అందులో మూసి వెయ్యాలి. చేతికి అంటిన పొడి క్యాప్సూల్ పైన పూయకుండా చూసుకోవాలి, లేకపోతే అంత శ్రమా దండగ.

వేశాక నీళ్ళు. సూది తీసేసిన సిరంజితో బుగ్గ పక్క నుంచి నాలుగైదు మిల్లీలీటర్లు మెల్లగా పట్టాలి, లేదా నాకడానికి కాస్త చికెన్ రసం పెట్టాలి. పిల్లి గొంతులో పొడి బిళ్ళ చాలాసేపు ఇరుక్కుని ఉంటుంది. డాక్సీసైక్లిన్ అయితే ఆ చోట పుండు చేసి, తర్వాత అన్నవాహిక సన్నబడేలా చేస్తుంది. కొద్ది రూపాయల యాంటీబయాటిక్ తెచ్చిన జబ్బుకి ఎండోస్కోపీ బిల్లు కట్టాల్సి వస్తుంది.

షుగరు పిల్లుల దగ్గర మీకు పని లేదు కానీ మీ తమ్ముడు ఒకడు తిరుగుతుంటాడు, పేరు రెండున్నర రెట్లు. మన దగ్గర ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్లదీ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 మందుని ఎర్ర సిరంజితో రెండు యూనిట్ల గీత దాకా లాగితే పిల్లికి వెళ్ళేది అయిదు యూనిట్లు. తూలి పడిపోతుంటే చిగుళ్ళకి తేనె రాసి ఆసుపత్రికి పరుగెత్తాలి.

మీ చెయ్యి అసలు ఆడని జబ్బు ఒకటుంది, ఎఫ్‌ఐపీ, పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు. పిల్లి కూనల్లో ఎక్కువ. చికిత్స లేదనుకున్న ఆ జబ్బుకి జీఎస్-441524 అనే మందు పనిచేస్తుందని పశువైద్య పరిశోధకుడు నీల్స్ పెడర్సన్ బృందం 31 పిల్లుల మీద చేసిన పరీక్షతో 2019లో తేలింది. అక్కడ లెక్కంతా కిలోల్లోనే. రెండు కిలోల కూనకి కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి 30, పాత పద్ధతిలో 84 రోజులకి 2,520 మిల్లీగ్రాములు. కూన కోలుకుని బరువు పెరిగే కొద్దీ మోతాదు పెంచాలి, పెంచకపోతే జబ్బు తిరగబెడుతుంది. ఆరోగ్యానికి ఇంత నేరుగా పన్ను వేసే మందు ఇంకోటి లేదు. పొట్టలో నీరు చేరే రకానికి 42 రోజులు కూడా సరిపోతాయని జర్మనీలో 40 పిల్లుల మీద చేసిన అధ్యయనం 2024లో చెప్పింది, అంటే బిల్లు సగం. మన పిల్లికి అది వర్తిస్తుందా అని డాక్టరు గారిని నోరు తెరిచి అడగాల్సిన ప్రశ్న ఇదే. ఇంకో వింత: ఆ అణువే కొంచెం వేషం మార్చుకుంటే రెమ్‌డెసివిర్. 2020 జూన్‌లో హైదరాబాద్ కంపెనీ దాని జెనరిక్‌ని 100 మిల్లీగ్రాముల సీసా 5,400 రూపాయలకి తెచ్చినప్పుడు ఊరంతా క్యూ కట్టింది. అప్పుడు ఆ క్యూలో పిల్లులు లేవు.

ఖర్చు ఎక్కడ తగ్గించాలో మీకు చెప్పే పని లేదు, కానీ ఈ లేఖ పక్కింటివాళ్ళు కూడా చదువుతారు. పరీక్షలూ చూపించుకోవడమూ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనో, హైదరాబాద్ నారాయణగూడ ప్రభుత్వ పశువైద్య ఆసుపత్రిలోనో చేయించుకుంటే మీరు మిగిల్చిన చిల్లర నోట్లవుతుంది. అన్నిటికంటే ఖరీదైన పొదుపు మాత్రం, పిల్లి హుషారుగా ఉందని మిమ్మల్ని మధ్యలో మానేయడం. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్‌ని అలా ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు కుప్పకూలుతుంది, మెట్టుమెట్టుగా దించాలి.

చివరగా ఒక అధికారిక సమాచారం. బీపీ మందు మొదలైన వారం, రెండు వారాల్లో పిల్లికి మళ్ళీ బీపీ కొలుస్తారు. పై అంకె 160 కింద ఉంటే తమరి ఉద్యోగం పదిలం. పైన ఉంటే మోతాదు 1.25కి వెళ్తుంది, అప్పుడు తమరు అర బిళ్ళ గారికి చార్జి అప్పగించి, పాత చీటీతో సహా తప్పుకోవలసి ఉంటుంది. పాత చీటీని డబ్బాలోనే ఉంచేస్తే ఇంట్లో ఒకరు పావు, ఇంకొకరు అర వేసే ప్రమాదం ఉంది గనుక, దాన్ని చింపెయ్యడానికి తమరి అనుమతి కోరుతున్నాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఒక చేత్తో దవడ, ఒక చేత్తో తమరిని పట్టుకున్నవారు